చదువూ డబ్బూ కాపాడని కాన్పులు

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల 4×100 మీటర్ల రిలే జట్టు బంగారు పతకం గెలిచింది. ఫైనల్లో పరుగెత్తిన నలుగురూ నల్లజాతి యువతులే: టియానా బార్టొలెట్టా, ఆలిసన్ ఫెలిక్స్, ఇంగ్లిష్ గార్డ్‌నర్, టోరీ బౌవీ. 2018లో ఫెలిక్స్ కడుపుతో ఉండగా బీపీ ప్రమాదకరంగా పెరిగింది. 32వ వారంలోనే హడావుడిగా సిజేరియన్ చేసి పాపను తీయాల్సి వచ్చింది. టియానాకు 26వ వారానికే నొప్పులు మొదలయ్యాయి. 2023 మేలో టోరీ బౌవీ ఫ్లోరిడాలోని తన ఇంట్లో, ఎనిమిదో నెల కడుపుతో, ఒంటరిగా చనిపోయి కనిపించింది. ఆమెకు 32 ఏళ్లు. ఊపిరి ఆడకపోవడం, ఎక్లాంప్సియా కారణాలు కావచ్చని పోస్ట్‌మార్టం నివేదిక రాసింది. ఎక్లాంప్సియా అంటే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే జబ్బే. గర్భిణికి బీపీ పెరిగిపోయి ఫిట్స్ వస్తాయి, చూసేవాళ్లు లేకపోతే ప్రాణం పోతుంది.

తిండికీ వ్యాయామానికీ లోటు లేని శరీరాలవి. అలాంటి నలుగురిలో ముగ్గురికి కాన్పు ప్రాణసంకటమైందంటే దాన్ని ఆ ముగ్గురి దురదృష్టం కింద కొట్టిపారేయడం కష్టం. అమెరికాలో నల్లజాతి కుటుంబాలకు ఇది కొత్త కబురు కూడా కాదు.

ముందు లెక్కలు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం 2023లో లక్ష జననాలకు 50.3 మంది నల్లజాతి తల్లులు చనిపోయారు. తెల్లజాతి తల్లుల్లో ఆ సంఖ్య 14.5, హిస్పానిక్ తల్లుల్లో 12.4, ఆసియా మూలాల వాళ్లలో 10.7. కోవిడ్ ముమ్మరంగా ఉన్న 2021లో నల్లజాతి వారి రేటు 69.9 దాకా వెళ్లింది. ఆ తర్వాత దిగి 2022లో 49.5కు వచ్చింది. మరుసటి ఏడాది తెల్లజాతి, హిస్పానిక్ తల్లుల్లో మరణాలు ఇంకా తగ్గాయి. నల్లజాతి వారిలో తగ్గుదల అక్కడే ఆగిపోయింది. కోవిడ్ పోయాక దేశమంతా ఊపిరి పీల్చుకుంటే వీళ్లకు మాత్రం తేడా మరింత పెరిగిందన్నమాట. ఒక్క కొలమానం ఇస్తాను. మన దేశపు నమూనా సర్వే 2018–20కి ఇచ్చిన లెక్కలో తెలంగాణ రేటు 43, ఆంధ్రప్రదేశ్‌ది 45. లెక్కగట్టే పద్ధతులు వేరు కాబట్టి పోటీ పెట్టి మార్కులు వేయకూడదు. కానీ వైద్యం మీద ప్రపంచంలో మరే దేశమూ పెట్టనంత ఖర్చు పెట్టే చోట, ఒక జాతి తల్లుల పరిస్థితి మన రెండు రాష్ట్రాల పరిస్థితికి అటూ ఇటూగా ఉందని అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పై రేటులో లెక్కకొచ్చేది కడుపుతో ఉన్నప్పుడు, లేదా గర్భం ముగిసిన 42 రోజుల లోపు జరిగిన చావులే. అమెరికా మరణ ధ్రువపత్రంలో ‘గర్భిణా, ఇటీవల గర్భిణిగా ఉన్నారా’ అని అడిగే గడి 2003 తర్వాత ఒక్కో రాష్ట్రంలో వచ్చింది. దాన్ని పొరపాటుగా టిక్ పెట్టడం వల్ల మొత్తం చావులు ఎక్కువగా కనిపిస్తున్నాయని కొందరు పరిశోధకులు వాదించారు. ఆ వాదనలో పస ఉంది. అయితే మొత్తాన్ని ఎంత తగ్గించి లెక్కేసినా నల్లజాతి, తెల్లజాతి తల్లుల మధ్య అంతరం మాత్రం చెరగడం లేదు.

ఇంతకన్నా లోతుగా చూసేవి రాష్ట్రాల సమీక్షా కమిటీలు. డాక్టర్లు, నర్సులు, సామాజిక కార్యకర్తలు కూర్చుని ఒక్కో తల్లి కేసు షీటు తిరగేసి, కాన్పయిన ఏడాది దాకా ఏం జరిగిందో చూస్తారు. 2017–19 కేసులు చూసిన కమిటీలు తేల్చిందేమిటంటే, గర్భంతో ముడిపడ్డ చావుల్లో 80 శాతానికి పైగా ఆపగలిగినవే. ఇంకో సంగతి నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. ఆ చావుల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత నుంచి ఏడాది లోపు జరిగాయి. అంటే ప్రసవం గదిలో కాదు, బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లాక. నల్లజాతి తల్లుల్లో మొదటి కారణం గుండె జబ్బులు. రక్తస్రావం, బీపీ, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టే రక్తం కూడా జాబితాలో ఉన్నాయి. వీటిలో వైద్యానికి అంతుపట్టని జబ్బు ఒక్కటీ లేదు.

మరి ఎందుకు? ఎవరినడిగినా ముందుగా వచ్చే జవాబులు రెండు: ఒకటి పేదరికం, రెండోది జన్యువులు.

పేదరికానికి పాత్ర లేదని ఎవరూ అనరు. కానీ అదే అసలు కారణమైతే చదువుకుని, మంచి జీతం తెచ్చుకునే నల్లజాతి స్త్రీ క్షేమంగా ఉండాలి. సీడీసీ 2007–16 నాటి మరణాలు పరిశీలిస్తే, కాలేజీ డిగ్రీ ఉన్న నల్లజాతి తల్లుల మరణాల రేటు అదే చదువున్న తెల్లజాతి తల్లులకన్నా ఐదు రెట్లు ఎక్కువ. హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి తల్లులకన్నా కూడా ఎక్కువే. డిగ్రీ తీసుకున్న కొద్దీ అంతరం తగ్గాల్సింది పోయి పెరుగుతోంది.

షాలన్ అర్వింగ్ సంగతి ఈ అంకెలకు ముఖం ఇస్తుంది. ఆమె సీడీసీలోనే ఎపిడెమియాలజిస్టు. రెండు సబ్జెక్టుల్లో డాక్టరేటు ఉంది. సామాజిక అసమానతలు మనుషుల ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తాయన్నదే ఆమె పని. 2017 జనవరిలో సిజేరియన్‌తో పాప పుట్టింది. ఆ తర్వాతి మూడు వారాలూ ఆమె మళ్లీ మళ్లీ క్లినిక్కుల చుట్టూ తిరిగింది. కుట్ల దగ్గర గడ్డ, పెరుగుతున్న బీపీ, తలనొప్పి, కాలి వాపు. చివరిసారి వెళ్లినప్పుడు పరీక్షలు చేసి, బీపీ మందు రాసి ఇంటికి పంపారు. ఆ రాత్రే కుప్పకూలింది, కొద్ది రోజులకు చనిపోయింది. వయసు 36. ఇన్సూరెన్సు, చదువు, డాక్టర్ల భాష, పక్కన తల్లి, అన్నీ ఉన్నాయి ఆమెకు.

ఇక జన్యువుల సంగతి. ఇలినాయ్ రాష్ట్రపు జనన పత్రాలు తీసుకుని రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే ఇద్దరు వైద్యులు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆఫ్రికాలో పుట్టి అమెరికాకు వలసవచ్చిన తల్లుల బిడ్డల బరువు, అమెరికాలో పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డల బరువు, తెల్లజాతి తల్లుల బిడ్డల బరువు పక్కపక్కన పెట్టి చూశారు. తప్పు రక్తంలోనే ఉంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల బిడ్డలు అందరికన్నా తక్కువ బరువు ఉండాలి. జరిగింది వేరు. వాళ్ల బిడ్డల బరువు తెల్లవాళ్ల బిడ్డలకే దగ్గరగా ఉంది. తర్వాత ఇదే బృందం ఒక తరం ముందుకు వెళ్లి చూస్తే, ఆ వలస తల్లులకు అమెరికాలో పుట్టి పెరిగిన కూతుళ్లు కన్న బిడ్డల బరువు తగ్గిపోయింది. ఒక్క తరంలో జన్యువులు మారవు. మారింది ఆ కూతురు పెరిగిన ఊరు, బడి, వీధి, ఆసుపత్రి.

ఆ పెరగడంలో శరీరానికి ఏం జరుగుతుందో చెప్పడానికి ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చారు. దాని పేరు వెదరింగ్. ఎండకూ వానకూ ఆరుబయట వదిలేసిన నాగలి కర్ర, చూరు కింద ఉన్న కర్రకన్నా ముందే పగుళ్లిచ్చినట్టు, నిత్యం అనుమానాన్నీ అవమానాన్నీ కాచుకుంటూ బతికే ఒళ్లు ముందే అరిగిపోతుందంటారామె. షాపులో వెనకే నడిచే సెక్యూరిటీ గార్డు, అద్దెకివ్వని ఇల్లు, కొడుకు బయటికెళ్తే పోలీసుల భయం: ఇవన్నీ ఒత్తిడి హార్మోన్లను ఏళ్లతరబడి ఎక్కువ మోతాదులో ఉంచుతాయి. రక్తనాళాలు, గుండె, మూత్రపిండాలు ఆ భారం మోస్తాయి. ఆమెకు ఈ ఆలోచన తట్టడానికి కారణమైన అంకె విచిత్రమైనది. సాధారణంగా టీనేజీ తల్లికన్నా ఇరవైల్లో ఉన్న తల్లి బిడ్డకే ప్రమాదం తక్కువ. నల్లజాతి స్త్రీలలో అది తిరగబడి, ఇరవైల్లో కన్న తల్లుల బిడ్డలకే ప్రమాదం ఎక్కువ కనిపించింది. వయసుతో పాటు వాళ్లకు అరుగుదల కూడా పెరుగుతోందని ఆమె అర్థం చేసుకున్నారు. మొదట చాలామంది ఈ మాట కొట్టిపారేశారు.

అయితే ఈ సిద్ధాంతం ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఆసుపత్రులు సులువుగా తప్పించుకుంటాయి. అరిగిన శరీరంతో వచ్చిన తల్లిని కూడా బతికించవచ్చు. చావు ఆపగలిగినదే అని కమిటీలు చెప్పాయి కదా. కాబట్టి మంచం దగ్గర ఏం జరుగుతోందో కూడా చూడాలి.

టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ 2017 సెప్టెంబరులో సిజేరియన్‌తో కూతుర్ని కన్నది. మర్నాడు ఊపిరాడలేదు. అంతకు ముందు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన మనిషి కాబట్టి అదేమిటో ఆమెకు వెంటనే తెలిసింది. నర్సు దగ్గరికి వెళ్లి, రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయాలని, హెపారిన్ మందు కావాలని పేరు పెట్టి అడిగింది. నొప్పి మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందనుకుంది నర్సు. సెరెనా పట్టు వదల్లేదు. డాక్టరు వచ్చి కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ కనిపించలేదు. చివరికి ఆమె అడిగిన స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు బయటపడ్డాయి. దగ్గుకు సిజేరియన్ కుట్లు తెగి, పొట్టలో రక్తం చేరి, మళ్లీ ఆపరేషన్ గదికి వెళ్లాల్సి వచ్చింది. ఇరవై మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి జబ్బు పేరు, పరీక్ష పేరు, మందు పేరు మూడూ చెప్పి మరీ పోట్లాడాల్సి వచ్చింది. ‘ఎందుకో ఒంట్లో బాలేదు’ అని మాత్రమే చెప్పగలిగిన తల్లి మాటేమిటి?

మాట వినకపోవడం వెనక నేర్చుకున్న నమ్మకాలు ఉన్నాయి. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థులను, శిక్షణలో ఉన్న డాక్టర్లను ప్రశ్నలడిగితే దాదాపు సగం మంది కనీసం ఒక తప్పుడు నమ్మకాన్ని ఒప్పుకున్నారు: నల్లవాళ్ల చర్మం మందం అని, వాళ్ల రక్తం త్వరగా గడ్డకడుతుందని, ఇలాంటివి. ఆ నమ్మకాలున్నవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. యంత్రాలూ ఇందుకు అతీతం కాదు. వేలికి తగిలించే ఆక్సీమీటరు ముదురు చర్మం మీద ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని కోవిడ్ కాలంలో అందరికీ తెలిసొచ్చింది. మొదటి కాన్పు సిజేరియన్ అయినవాళ్లకు రెండోది మామూలు కాన్పు అయ్యే అవకాశం ఎంతో చెప్పే కాలిక్యులేటరు ఒకటి ఉండేది. వయసు, బరువుతో పాటు జాతి కూడా అడిగేది. నల్లజాతి అని నొక్కితే చాలు, అవకాశం తగ్గించి చూపేది. ఆ అంకె చూసి డాక్టరు మళ్లీ కత్తే పట్టేవారు. ప్రతి సిజేరియన్‌తో తర్వాతి కాన్పులో మాయ అతుక్కుపోయే ముప్పు, రక్తస్రావం పెరుగుతాయి. 2021లో గానీ అందులోంచి జాతి గడి తీసేయలేదు.

ఈ నమ్మకాలు ఎక్కడ మొలిచాయో వెతికితే అలబామాలోని మాంట్‌గొమరీ పట్నం చేరతాం. 1840లలో అక్కడ జె. మేరియన్ సిమ్స్ అనే డాక్టరు కష్టమైన కాన్పుల తర్వాత మూత్రం ఆగకుండా కారే జబ్బుకు శస్త్రచికిత్స కనిపెట్టాడు. ప్రయోగాలు చేసింది బానిస స్త్రీల మీద, మత్తుమందు లేకుండా. వాళ్లలో మూడు పేర్లే మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. ఒక్క అనార్కాకే దాదాపు ముప్పై సార్లు కోశాడు. బానిస కాబట్టి అనుమతి యజమాని ఇస్తాడు, నొప్పి ఆమె పడుతుంది. ‘స్త్రీవైద్య పితామహుడు’గా పేరుపడ్డ ఆయన విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి 2018లో తీసేశారు. 2021లో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి ఆ ముగ్గురి విగ్రహాలు మాంట్‌గొమరీలో నిలబెట్టింది. విగ్రహం పోయింది గానీ నల్లవాళ్లకు నొప్పి తక్కువన్న నమ్మకం వైద్య కళాశాలల్లోంచి పోలేదని వర్జీనియా సర్వే చూపించింది.

చరిత్రలో ఇంకో నష్టం గురించి తక్కువగా మాట్లాడతారు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి బిడ్డలను, చాలాచోట్ల తెల్లవాళ్ల బిడ్డలను కూడా, ఇరవయ్యో శతాబ్దం సగం దాకా నల్లజాతి మంత్రసానులే పుట్టించారు. 1921 నాటి షెపర్డ్–టౌనర్ చట్టం తర్వాత వాళ్లకు శిక్షణలు, లైసెన్సులు, నర్సు వచ్చి సంచి తెరిచి తనిఖీ చేయడం మొదలయ్యాయి. జార్జియాలోని ఆల్బనీ పట్నంలో మేరీ కోలీ అనే మంత్రసాని ఎలా పనిచేసేదో చూపిస్తూ 1953లో శిక్షణ కోసం తీసిన సినిమా ఇప్పటికీ ఉంది. కాన్పుకు ముందు ఇంటికెళ్లి చూడటం, కాన్పయ్యాక మళ్లీ మళ్లీ వెళ్లి తల్లినీ బిడ్డనూ చూసిరావడం వాళ్ల పనిలో భాగం. మన మంత్రసానులను ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. తర్వాత కాన్పులు ఆసుపత్రులకు మళ్లాయి, రాష్ట్రాలు లైసెన్సులు ఆపేశాయి. అలబామా 1976లో చట్టం చేసి ఆ వృత్తికి తలుపు మూసింది. ఆసుపత్రి కాన్పు చాలామందిని బతికించింది, అందులో సందేహం లేదు. కానీ మంత్రసానితో పాటే కాన్పు తర్వాత ఇంటికొచ్చి తలుపు తట్టే మనిషి కూడా పోయింది. చావులు ఎక్కువగా జరిగేది ఆ ఖాళీలోనే అని ఇప్పుడు తెలుస్తోంది.

మూడో సంగతి కుటుంబ నియంత్రణ ముసుగులో జరిగిన బలవంతం. 1961లో మిసిసిపీలో ఫానీ లూ హేమర్ గర్భసంచిలో కణితి తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, చెప్పకుండా గర్భసంచే తీసేశారు. తర్వాత ఆమె ఓటు హక్కు ఉద్యమంలో దేశమంతా ఎరిగిన నాయకురాలైంది. 1973లో మాంట్‌గొమరీలో 14, 12 ఏళ్ల అక్కాచెల్లెళ్లకు ప్రభుత్వ డబ్బుతో నడిచే క్లినిక్ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసింది. చదువురాని తల్లి కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది, అది దేనికో ఆమెకు తెలియదు. ఎమర్జెన్సీ రోజుల ఆపరేషన్ క్యాంపులు గుర్తున్న మన పాఠకులకు ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో నేటికీ మన రెండు తెలుగు రాష్ట్రాలే దేశంలో ముందు వరుసలో ఉన్నాయి.

ఈ నేపథ్యం తెలిస్తేనే 1994 జూన్‌లో షికాగోలో పన్నెండు మంది నల్లజాతి స్త్రీలు ఎందుకు కొత్త మాట కోసం కూర్చున్నారో అర్థమవుతుంది. అప్పటిదాకా అమెరికాలో స్త్రీల ఉద్యమం చుట్టూ తిరిగిన ప్రశ్న గర్భస్రావం హక్కు ఉండాలా వద్దా అన్నది. అడగకుండా గర్భసంచి తీసేసిన చోట నుంచి వచ్చినవాళ్లకు ఆ ఒక్క ప్రశ్న సరిపోలేదు. వాళ్లు ముందుకు తెచ్చిన ఆలోచనే పునరుత్పత్తి న్యాయం. అందులో మూడు హక్కులు కలిసి ఉంటాయి: పిల్లలు వద్దనుకునే హక్కు, కావాలనుకుంటే కనే హక్కు, కన్న పిల్లల్ని భద్రమైన చోట పెంచుకునే హక్కు. ఆ పన్నెండు మందిలో ఒకరైన లొరెట్టా రాస్, ఇంకా ఎందరో కలిసి 1997లో సిస్టర్‌సాంగ్ అనే సంస్థ పెట్టారు. దాని కార్యాలయం అట్లాంటాలో ఉంది.

మూడో హక్కు వినడానికి వైద్యానికి సంబంధం లేనిదిలా ఉంటుంది. 2022 ఆగస్టులో నల్లజాతి వాళ్లే అధికంగా ఉండే మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో నీటి శుద్ధి కేంద్రం మూలనపడి, కుళాయిల్లో తాగే నీళ్లు ఆగిపోయాయి. డబ్బా పాలు కలపడానికి తల్లులు బాటిల్ నీళ్ల కోసం కార్లలో బారులు తీరారు. పాలపొడి డబ్బా చేతిలో ఉండి, కలపడానికి నీళ్లు లేకపోవడం ఆరోగ్య సమస్యా, మునిసిపాలిటీ సమస్యా? షికాగోలో కూర్చున్నవాళ్లు దాన్ని విడదీయలేమన్నారు. నాకు వాళ్ల మాటే సబబుగా తోస్తుంది.

మొదటి హక్కు 2022 జూన్‌లో దెబ్బతింది. 1973 నుంచి ఉన్న గర్భస్రావ హక్కును సుప్రీంకోర్టు మిసిసిపీ నుంచి వచ్చిన కేసులోనే కొట్టేసింది. నల్లజాతి జనాభాలో సగానికి పైగా దక్షిణ రాష్ట్రాల్లో ఉన్నారు, ఆంక్షలు కఠినంగా వచ్చిందీ అక్కడే. జార్జియాలో దాదాపు ఆరు వారాలు దాటితే నిషేధం. ఆ చట్టం అమల్లోకి వచ్చిన కొద్ది వారాలకే 28 ఏళ్ల నల్లజాతి యువతి ఒకరు, పక్క రాష్ట్రం వెళ్లి తెచ్చుకున్న మాత్రల తర్వాత గర్భసంచిలో మిగిలినది తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకుతుండగా, మామూలుగా కాసేపట్లో అయిపోయే శుభ్రం చేసే ప్రక్రియ కోసం ఇరవై గంటలు ఎదురుచూసి చనిపోయింది. రాష్ట్ర సమీక్షా కమిటీ దాన్ని ఆపగలిగిన చావు అని తేల్చింది. 2024లో ఈ సంగతి పత్రికలకెక్కింది. రెండు నెలలకు రాష్ట్ర ప్రభుత్వం రహస్యం బయటికి పొక్కిందంటూ కమిటీ సభ్యులందరినీ తొలగించింది. చావులను లెక్కించేవాళ్లనే ఇంటికి పంపడం కన్నా స్పష్టమైన ప్రకటన ఏముంటుంది.

ఇంత చెప్పాక చేయగలిగిందేమీ లేదనిపిస్తే అది తప్పు. పనిచేసిన మార్గాలున్నాయి, వాటిలో చాలావరకు చవకైనవి.

కాలిఫోర్నియా కథ చూడండి. 2006లో స్టాన్‌ఫర్డ్ కేంద్రంగా ఆసుపత్రులను కలిపి ఒక కూటమి ఏర్పడింది. వాళ్లు గుర్తించిన ఒక సంగతి, కాన్పులో పోయే రక్తాన్ని డాక్టర్లు, నర్సులు కంటితో చూసి తక్కువ అంచనా వేస్తారని. బట్టల్లో, ప్యాడ్లలో ఇంకిపోయిన రక్తం కంటికి ఆనదు. పరిష్కారం ఒక తూకం యంత్రం. తడిసిన ప్యాడ్లను తూచి, పొడి ప్యాడ్ల బరువు తీసేస్తే మిగిలింది పోయిన రక్తం. ఒక గ్రాము అంటే సుమారు ఒక మిల్లీలీటరు. ఫలానా గీత దాటగానే ఎవరిని పిలవాలి, ఏ ఇంజెక్షన్ ఇవ్వాలి అన్నది ముందే రాసిపెట్టుకుని, మందులన్నీ ఒక బండిలో సర్ది ప్రసవం గది దగ్గరే ఉంచారు. దేశమంతా చావులు పెరుగుతున్న ఆ ఏళ్లలో, 2013 నాటికి కాలిఫోర్నియాలో సగానికి పైగా తగ్గాయి. మెచ్చుకోవలసిందే. కానీ అక్కడ కూడా నల్లజాతి తల్లుల రేటు మిగతావాళ్లకన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువగానే ఉండిపోయింది. తూకం యంత్రం జాతి చూడదు, దాని దగ్గరికి రోగిని ఎప్పుడు తీసుకురావాలో నిర్ణయించే మనిషి చూస్తాడు. అందుకే 2019లో ఆ రాష్ట్రం కాన్పులు చేసే సిబ్బందికి పక్షపాతం మీద శిక్షణ తప్పనిసరి చేసింది. ఒక ఆన్‌లైన్ పాఠం నూటేభై ఏళ్ల నమ్మకాన్ని తుడుస్తుందని నాకైతే నమ్మకం లేదు.

అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి చేసిన పని. బీపీ ఉన్న తల్లులను కాన్పయిన వారం పది రోజుల్లో ఒకసారి వచ్చి చూపించుకోమనేవారు. కొత్త బిడ్డ, కుట్ల నొప్పి, బస్సు ఎక్కి రావాలి, సెలవు దొరకదు. నల్లజాతి తల్లుల్లో మూడో వంతు మందే వచ్చేవారు, మిగతావాళ్లలో 70 శాతం. వీళ్లకు శ్రద్ధ లేదని ఫైల్లో రాసుకుంటే సరిపోయేది. దానికి బదులు డాక్టర్లు తల్లి చేతికి బీపీ మిషన్ ఇచ్చి పంపారు. ఉదయం సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, ఆమె అంకెలు టైపు చేసి పంపిస్తుంది, ఎక్కువుంటే డాక్టరు ఫోన్ చేస్తారు. ఆ పద్ధతిలో రెండు వర్గాల్లోనూ తొంభై శాతానికి పైగా తల్లుల బీపీ తెలిసింది, అంతరం మాయమైపోయింది. శ్రద్ధ ముందు నుంచీ ఉంది. లేనిది బస్సూ సెలవూ.

అమెరికాలో కూతురికో కోడలికో పురుడు పోయడానికి వెళ్లే మన అమ్మలకు కూడా ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకేసినా, ఆయాసం వచ్చినా, కాలు ఒక్కటే వాచినా బాలింత నీరసమని సరిపెట్టుకోకూడదు. ఎమర్జెన్సీకి వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట, ఫలానా తేదీన కాన్పయిందని. ఎమర్జెన్సీ డాక్టరు ఎదుట ఉన్నది బాలింత అని ఎవరూ చెప్పకపోతే ఆయనకు ఆ దిశలో ఆలోచన పోకపోవచ్చు. అవసరమైతే ఏడాది దాకా ఆ మాట చెప్పమనే సీడీసీ ప్రచారం.

తోడు మనిషి సంగతికి వస్తే, డూలా అనే వృత్తి ఇప్పుడు పెరుగుతోంది. వైద్యం చేయదు, తల్లి పక్కన ఉంటుంది, ఆమె మాట డాక్టరు చెవిన పడేలా చూస్తుంది. ఫ్లోరిడాలో బ్రిటన్ నుంచి వచ్చిన జెన్నీ జోసెఫ్ అనే నల్లజాతి మిడ్‌వైఫ్, డబ్బున్నా లేకున్నా ఎవరినీ వెనక్కి పంపని క్లినిక్ నడిపి పేరు తెచ్చుకుంది. ఒకప్పుడు చట్టం మూసిన తలుపు ఇంకో పేరుతో తెరుచుకుంటున్నట్టుంది. ఇక మందుల విషయానికొస్తే, ముప్పు ఎక్కువున్న గర్భిణికి పన్నెండో వారం తర్వాత రోజుకో చిన్న ఆస్పిరిన్ మాత్ర ఇస్తే బీపీ జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుందన్నదీ తెలిసిన విషయమే. సీసా మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది.

వీటన్నిటికీ డబ్బు కట్టేదెవరన్నది అసలు చిక్కు. నల్లజాతి కాన్పుల్లో సుమారు మూడింట రెండు వంతుల ఖర్చు భరించేది మెడికెయిడ్, అంటే పేదల కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే బీమా. చాలా ఏళ్లు ఈ బీమా కాన్పయిన 60 రోజులకే ఆగిపోయేది, చావులేమో ఏడాది పొడవునా. 2021లో కేంద్రం ఏడాది దాకా పొడిగించుకునే వీలు కల్పించింది, తర్వాతి మూడు నాలుగేళ్లలో దాదాపు అన్ని రాష్ట్రాలూ, టెక్సాస్, మిసిసిపీలతో సహా, దాన్ని తీసుకున్నాయి. ఈ దశాబ్దంలో జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా అంచనా. దీనికి తోడుగా అమెరికా చట్టసభల సభ్యులు లారెన్ అండర్‌వుడ్, ఆల్మా ఆడమ్స్, కమలా హారిస్‌లు 2020లో తెచ్చిన ‘మామ్నిబస్’ బిల్లుల కట్టలోంచి మాజీ సైనిక తల్లులకు సంబంధించిన ఒక్కటే 2021లో చట్టమైంది.

ఇప్పుడు గాలి ఎదురు వీస్తోంది. 2025 జూలైలో వచ్చిన బడ్జెట్ చట్టం రాబోయే పదేళ్లలో మెడికెయిడ్ ఖర్చును భారీగా కోస్తుంది. పల్లెటూళ్లలో కాన్పుల విభాగం ఎప్పుడూ నష్టంలోనే నడుస్తుంది. రాత్రింబవళ్లు డాక్టరు, నర్సు, మత్తుమందు ఇచ్చే మనిషి ఉండాలి, కాన్పులేమో రోజుకొకటి కూడా ఉండవు, ఉన్నవాటికి మెడికెయిడ్ ఇచ్చేది తక్కువ. 2020 తర్వాత వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు కాన్పులు చేయడం మానేశాయి. అంతకు ముందు జరిగిన పరిశోధనలు చెప్పిందేమిటంటే, నల్లజాతి స్త్రీలు ఎక్కువున్న కౌంటీల్లోనే ఈ మూతలు ఎక్కువ. జార్జియా, అలబామా పత్తి పొలాల ప్రాంతాల్లో గర్భిణి ఇప్పుడు నొప్పులు మొదలయ్యాక రెండు మూడు కౌంటీలు దాటి వెళ్లాల్సి వస్తోంది, బీపీ మిషన్‌లో ఎర్ర అంకె కనబడినా ఫోన్ ఎత్తిన డాక్టరు రమ్మనేది అంత దూరానికే.